కచేరీ ఆరున్నరకి, వంట ఎప్పుడు?

ప్రశ్నలు - జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం వంటింటి గడప దాటలేకపోయిన సాయంత్రాల గురించే. వాటిలో ఒకదానితోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మాది విజయవాడ. ఇంటికి దగ్గర్లోనే దుర్గాపురం సంగీత కళాశాల ఉంది, అక్కడ కచేరీలు జరుగుతుంటాయి. పెళ్ళికి ముందు ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అయినా ఒక్క కచేరీ మంగళం దాకా విన్న పాపాన పోలేదు. మామగారికి రాత్రి ఎనిమిదింటికల్లా వేడన్నం, కూర, పులుసు ఉండాలి. మావారేమో 'వెళ్ళొద్దని ఎవరన్నారు?' అంటారు. నిజమే, ఎవరూ అనరు. కానీ వెళ్ళే వీలే చిక్కదు. ఏం చేయమంటారు? - ఒక గృహిణి

జవాబు: అమ్మా, వెళ్ళొద్దని ఎవరూ అనకపోవడం వేరు, మీరు వెళ్ళేందుకు ఇంకొకరు పూనుకోవడం వేరు. మీ ఇంట్లో మొదటిది ఉంది, రెండోది లేదు. పెద్దాయనకి కంచం పెట్టి, అన్నం వడ్డించి, చివర్న మజ్జిగ పోయడం పావుగంట పని. కచేరీ ఉన్న రోజున ఆ పావుగంట మీవారిది. అడగడానికి మొహమాటపడకండి. "వెళ్ళనా?" అంటే "చూద్దాంలే" అనే జవాబే వస్తుంది. "గురువారం కచేరీకి వెళ్తున్నాను, నాన్నగారికి మీరు వడ్డించాలి" అని రెండు రోజుల ముందే చెప్పండి. అప్పుడు మాట ఏర్పాట్ల మీదికి వెళ్తుంది.

ఇక వంట. కచేరీ రోజుకి నేను చెప్పేది బీరకాయ పెసరపప్పు. కుక్కరు కూతల కోసం కాచుక్కూచోనక్కర్లేదు. గ్లాసుడు పెసరపప్పు కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, కడిగి, పొయ్యి మీద పెట్టండి. ఈలోగా రెండు లేత బీరకాయలు చెక్కు తీసి తరగండి. తరిగేముందు ప్రతి కాయా చివర చిన్న ముక్క రుచి చూడాలి. చేదు కాయ ఒక్కటి పడితే గిన్నెడు పప్పూ పారబోయాల్సిందే. ఆ చేదు నోటికే కాదు, కడుపుకీ చెరుపు. పప్పు ముప్పావు వంతు ఉడికాక ముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, పసుపు వేసి మూత పెట్టండి. నీళ్ళు మళ్ళీ పోయకండి, బీరకాయ తన నీళ్ళు తను విడుస్తుంది. ఉప్పు చివర్లో. నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు. తీసిన చెక్కుని నూనెలో మగ్గబెట్టి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండుతో రుబ్బితే బీరపొట్టు పచ్చడి. పచ్చట్లో పులుపు ఉంది కాబట్టి మామగారికి పులుసు లేని లోటు కూడా పెద్దగా తెలియదు. ఐదింటికి మొదలుపెడితే ఆరు కాకుండానే మీ చేతులు ఖాళీ. ఎలక్ట్రిక్ కుక్కర్లో బియ్యం కడిగి, ఎసరు కొలిచి పోసి వెళ్ళండి. ఏడుంబావుకి ఎవరైనా మీట నొక్కితే చాలు, ఎనిమిదింటికి అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది.

మరొక్క మాట. మామగారిని కూడా ఒకసారి రమ్మనండి. శ్రీరామనవమి పందిట్లో హరికథ వినడానికి చాప పట్టుకుని ముందే వెళ్ళి కూర్చున్న తరం ఆయనది. ఆయనకి రావాలని ఉందేమో ఇన్నాళ్ళూ ఎవరూ అడిగి ఉండరు. మందులకీ భోజనానికీ ముడి ఉంటే మాత్రం ముందే తినిపించి తీసుకెళ్ళండి.

ప్రశ్న: బాల్కనీలో కరివేపాకు మొక్క వేసి రెండేళ్ళయింది. కర్రలా నిలువునా ఎదుగుతోంది, కొమ్మలు లేవు. కింది ఆకులు పసుపు పచ్చబడి రాలుతున్నాయి. ఆకుల మీద పిట్ట రెట్టలాంటి మచ్చలు కూడా చూశాను. మందు కొట్టాలా? - కరీంనగర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మందు జోలికి వెళ్ళకండి. ఆ పిట్ట రెట్టల్ని రేపు పొద్దున దగ్గరగా చూడండి, కదులుతాయి. అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్ల పురుగులు. కరివేపాకుదీ నిమ్మదీ ఒకే కుటుంబం, అందుకే ఆ సీతాకోకచిలుక రెండిటి మీదా గుడ్లు పెడుతుంది. చిన్నప్పుడు పక్షుల కంట పడకుండా రెట్ట రంగులో ఉంటాయి, పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులో ఆకై కూర్చుంటాయి. ముట్టుకుంటే తల దగ్గర్నుంచి రెండు చిన్న కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతాయి. మీ బడి పిల్లలకి చూపించండి, పుస్తకంలో పాఠం కంటే బాగా గుర్తుంటుంది. నాలుగైదు పురుగులుంటే చేత్తో తీసి దగ్గర్లోని నిమ్మ చెట్టు మీద వదిలితే సరిపోతుంది. లేత చిగుళ్ళు ముడుచుకుని జిగురుగా ఉంటే మాత్రం అది వేరే సంగతి, రసం పీల్చే పురుగు. దానికి లీటరు నీళ్ళలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఎండ తగ్గాక పిచికారీ చేయండి. వారం దాకా ఆ ఆకు కోయకండి, కోసిన తర్వాత బాగా కడగండి.

పసుపు పచ్చదనం చాలావరకు నీళ్ళు ఎక్కువై వస్తుంది. వేలు ఒక కణుపు లోతు మట్టిలో పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. కుండీ అడుగు చిల్లు పూడుకుపోయిందేమో చూడండి. రెండేళ్ళ మొక్కకి అడుగున్నర కుండీ, ఐదారు గంటల ఎండ కావాలి. కొమ్మలకి మందు కత్తెర: మొక్క నడుం ఎత్తున ఉంటే పైనుంచి మూడో వంతు కోసేయండి. కోసిన చోటు కింద కణుపుల్లోంచి రెండు మూడు కొమ్మలు లేస్తాయి. ఈ పని చలి తగ్గాక, మాఘం చివర చేయండి. కరివేపాకు చలికాలంలో పెద్దగా పెరగదు, అప్పుడు కోస్తే తేరుకోవడానికి చాలా రోజులు పడుతుంది. ఇక నుంచి తాలింపుకి ఆకులు దూయకుండా రెబ్బకి రెబ్బ విరవండి. పూత వస్తే తుంచేయండి, లేకపోతే మొక్క బలమంతా కాయలకి పోతుంది. పులిసిన మజ్జిగ పదింతలు నీళ్ళు కలిపి నెలకోసారి పోయడం మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్నదే, దాంతోపాటు గుప్పెడు పశువుల ఎరువు కూడా వేయండి.

ప్రశ్న: కొత్త ఇంటికి మారినప్పట్నుంచి కందిపప్పు ఎన్ని కూతలొచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటోంది. - అనంతపురం పాఠకురాలు

జవాబు: ఇల్లు మారిందంటే నీళ్ళు మారాయన్నమాట. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే పప్పు మెత్తబడదు. పప్పు వరకు మంచినీళ్ళు వాడి, గంట ముందు నానబెట్టండి. టమాటా, చింతపండు, గోంగూర ఏదైనా సరే పప్పుతో కలిపి ఉడికించకండి. పులుపు తగిలితే పప్పు గట్టిపడుతుంది. విడిగా ఉడికించి తర్వాత కలపండి.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం. బదిలీ మీద విజయనగరం వచ్చాను. ఇక్కడ అందరూ సంగీతం గురించి మాట్లాడతారు. స్నేహితులతో ఒక కచేరీకి వెళ్తే ఎప్పుడు తలాడించాలో, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక ఇబ్బంది పడ్డాను. నాలాంటివాడు వెళ్ళడం దండగేనా? - ఒక యువకుడు

జవాబు: బాబూ, మీరు వచ్చి పడ్డది మామూలు ఊరు కాదు. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు, ఆయన తర్వాత ఆ పీఠం మీద కూర్చున్నది ద్వారం వెంకటస్వామి నాయుడు. అలాంటి ఊళ్ళో ఉండి వినడం మానేస్తే నాకు బాధగా ఉంటుంది.

తల ఎప్పుడు ఆడించాలో ఎవరూ నేర్పరు, నేర్పకూడదు కూడా. తాళం వేయడం మాత్రం నేర్చుకోండి. పది నిమిషాల పని. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. అక్కడికి నాలుగు. మళ్ళీ ఒక దెబ్బ, చెయ్యి తిప్పడం, ఇంకో దెబ్బ, చెయ్యి తిప్పడం. మొత్తం ఎనిమిది, ఇదే ఆది తాళం. కచేరీలో ఎక్కువ పాటలు దీంట్లోనే వస్తాయి. సభలో చుట్టుపక్కల పెద్దవాళ్ళ చేతులు చూస్తూ కలిసి వేయండి. తప్పితే ఆగి, వాళ్ళు మళ్ళీ మొదటి దెబ్బ వేసినప్పుడు అందుకోండి.

రాగానికి మీ చెవి ఇప్పటికే సిద్ధంగా ఉంది, మీకు తెలియదంతే. 1957 నాటి 'మాయాబజార్'లో వెన్నెల పడవ పాట మోహన రాగం. స, రి, గ, ప, ద అని ఐదే స్వరాలు. 'జగదేకవీరుని కథ'లో రాయిని కరిగించే పాట దర్బారీ కానడ. ఆ పడవ పాట బాగా వంటబట్టాక సభలో గాయకుడు మోహన ఆలాపన ఎత్తుకుంటే, 'ఇది నాకు తెలిసిన దారే' అని మీకే అనిపిస్తుంది. ఆ అనిపించడం దగ్గరే వినడం మొదలవుతుంది.

కచేరీకి ఒక నడక ఉంటుంది. ముందు వర్ణం, గొంతూ వాద్యాలూ వేడెక్కడానికి. తర్వాత చిన్న కీర్తనలు. మధ్యలో ఒక పెద్ద కీర్తన. దానికి ముందు పాడేది రాగాలాపన, మాటలుండవు. గాయకుడు ఆపగానే వయొలిన్ అదే రాగాన్ని తన దారిలో చెబుతుంది, చాలామంది మొదటి చప్పట్లు అక్కడే కొడతారు. కీర్తనలో ఒక పాదాన్ని పట్టుకుని రకరకాలుగా పాడితే అది నెరవు. సరిగమలతో ఒక చోటికి మళ్ళీ మళ్ళీ వచ్చి చేరితే కల్పన స్వరాలు. ఆఖర్న మృదంగం ఒక్కటే మోగుతుంది, దాన్ని తని అంటారు. టీ కోసం సగం సభ లేచిపోయేది అప్పుడే. మీరు మాత్రం లేవకండి. ఇందాకటి ఎనిమిది దెబ్బలు వేస్తూ ఆ వాయింపు వినండి, ఎక్కడెక్కడో తిరిగిన లెక్క సరిగ్గా వచ్చి పడాల్సిన దెబ్బ మీద పడినప్పుడు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో మీ చేతులకే తెలుస్తుంది. విద్యార్థుల కచేరీలు కూడా వదలకండి. కొత్తవాళ్ళు పాడినప్పుడు కష్టం ఎక్కడుందో కనిపిస్తుంది, చెవి తొందరగా పదునెక్కుతుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. ఏటా గోంగూర వేస్తాను, సెప్టెంబరు వచ్చేసరికి పూత వచ్చి ఆకు ముదిరిపోతుంది. పొరపాటు ఎక్కడ? - ఒక తెలుగు అమ్మ

జవాబు: పొరపాటు మీది కాదమ్మా, పగటిది. గోంగూర పొద్దు తగ్గితే పూసే మొక్క. మీ దగ్గర ఆగస్టు తర్వాత పగలు చకచకా కుంచించుకుపోతుంది. దానికి విరుగుడు ముందే మొదలుపెట్టడమే. ఏప్రిల్ మధ్యలో ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గర చిన్న డబ్బాల్లో విత్తి, మంచు భయం పోయాక, మే నెల సగం దాటాక బయట నాటండి. జానెడు ఎదగ్గానే తల తుంచితే గుబురుగా వస్తుంది. పూమొగ్గలు కనిపించగానే జాలిపడకుండా ఆకంతా కోసేయండి. కడిగి, తుడిచి, గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టి, చెమ్మ పూర్తిగా పోయాక నూనెలో మగ్గించి నిల్వ చేసుకోండి. అక్టోబరు చలికి మిగిలినది ఎలాగూ పోతుంది. రెండు మొక్కల్ని మాత్రం విత్తనానికి పెద్ద కుండీలో ఉంచి, చలి రాగానే లోపలికి తెచ్చుకోండి.

మీ అమ్మాయి పాట నేర్చుకుంటోందని రాశారు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, పిల్లలు కూడా పాల్గొంటారు. ఒక్కసారి తీసుకెళ్ళండి. తన ఈడు పిల్లలు వందల మంది గొంతు కలిపి పంచరత్నాలు పాడటం వింటే, ఇంట్లో సాధనకి మీరు కేకలు వేయాల్సిన అవసరం తగ్గుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో, మా హాల్లోనే చిన్న వీణ కచేరీ పెట్టించాలని కోరిక. పాతిక మందికి మించి రారు. మైకు కావాలా? పక్కవాళ్ళు ఏమంటారో? ఏం పెట్టాలి? కళాకారిణికి ఎంత ఇవ్వాలో ఎలా అడగాలి? - హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి దంపతులు

జవాబు: చాలా మంచి కోరిక. పాతిక మందికి మైకు వద్దే వద్దు. వీణ మోగించిన తర్వాత తీగ నాదం మెల్లగా కరిగిపోతుంది, ఆ కరగడంలోనే దాని అందమంతా ఉంది. మైకు పెడితే అది చెడుతుంది, ఫ్యాను తిరిగితే వినపడదు. అందుకే చలికాలం సాయంత్రం పెట్టుకుని, వాయించినంతసేపూ ఫ్యాన్లు ఆపేయండి. కుర్చీలు తీసేసి జంపఖానాలు పరవండి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి గోడవార నాలుగు కుర్చీలు చాలు. పక్కవాళ్ళ సంగతంటారా, వాళ్ళనే ముందు పిలవండి. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు కూడదన్న నిబంధన మీ దాకా రాదు గానీ, ఎనిమిదిన్నరకి ముగిస్తే పరీక్షలున్న పిల్లలకి ఇబ్బంది ఉండదు.

పెట్టేది పులిహోర. మధ్యాహ్నమే కలిపేయొచ్చు, ఆలస్యమైనకొద్దీ పులుపు మెతుక్కి పడుతుంది. ఫలహారంగా పాతిక మందికి కిలోన్నర బియ్యం, రెండు వందల గ్రాముల చింతపండు. అన్నం ఒక పలుకు ఉండగానే దించి, పళ్ళెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, నూనె, కరివేపాకు వేసి కలపండి. పులుసు పచ్చిమిర్చితో దగ్గరపడి అంచుల్లో నూనె తేలేదాకా ఉడకాలి. పల్చగా ఉండగానే కలిపేస్తే అన్నం ముద్దయిపోతుంది. వేరుశెనగ గుళ్ళు విడిగా వేయించి వడ్డించే ముందు చల్లండి, ముందే వేస్తే మెత్తబడతాయి.

సంభావన గురించి పిలిచిన రోజే అడగాలి. "మీకు ఎంత ఇవ్వమంటారు?" అని సూటిగా అడగడంలో అమర్యాద ఏమీ లేదు, తర్వాత చూద్దామనడమే అమర్యాద. వీణతో ఆటోలో రావడం కష్టం కాబట్టి రానూపోనూ కారు మీరే మాట్లాడండి. మృదంగం వాయించేవారు వస్తే వారి కవరు వారి పేరుతో విడిగా ఇవ్వండి. అవి కచేరీకి ముందే సిద్ధంగా ఉంచుకోండి. వాద్యాలు సర్దుకున్న తర్వాత వాళ్ళు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఎదురుచూసే పరిస్థితి రాకూడదు.