రెండవమారు చూచువరకు తీర్పు తీర్చకుడి
పాఠభాగము: లేవీయకాండము 13:1–8



ఒకని చర్మముమీద సందేహమైన మచ్చ కనబడినప్పుడు యాజకుడు వెంటనే తీర్పు చెప్పకూడదు. ఏడు దినములు ఆగి మరల చూడవలెను. అప్పటికిని తేలనియెడల మరి యేడు దినములు ఆగి మూడవమారు చూడవలెను. ఆ మచ్చను నేటి వ్యాధితో పోల్చుట మా ఉద్దేశము కాదు. తొందరపడరాదను పాఠమునే గ్రహింతము.

హెచ్.ఐ.వి. పరీక్ష చీటీ ఇంటికి వచ్చినప్పుడు, అది సరిగా చదువకమునుపే భార్యను పుట్టింటికి పంపివేయువారు కలరు. గనుక ఆ చీటీ ఏమి చెప్పునో, ఏమి చెప్పదో నేర్చుకొందము.

మొదటిది: ఒక్క పరీక్షతో ఉన్నదని నిర్ణయింపరాదు. ప్రభుత్వాసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో మొదటి పరీక్షలో జాడ కనబడినయెడల, వేరు విధములైన మరి రెండు పరీక్షలు చేయుదురు. మూడును ఏకీభవించినప్పుడే ఉన్నదని వ్రాయుదురు. సందేహము మిగిలినయెడల రెండు వారముల తరువాత మరల రమ్మందురు. తేలలేదనగా ఉన్నదనియు కాదు, లేదనియు కాదు.

రెండవది: ఈ పరీక్షలు ముఖ్యముగా క్రిమి నెదిరించుటకు దేహము పుట్టించు పదార్థమును వెదకును. అది కనబడుటకు మూడు నెలలవరకు పట్టవచ్చును. ఇటీవల సోకినవారికి లేదని రావచ్చును గనుక మూడు నెలలు నిండిన పిమ్మట మరల చేయించుకొనవలెను.

మూడవది: భర్తకు ఉండి భార్యకు లేకపోవచ్చును, భార్యకు ఉండి భర్తకు లేకపోవచ్చును. ప్రతి కలయికలోను క్రిమి సోకదు. ఒకరి చీటీ మరియొకరికి చెల్లదు. ఇద్దరును వేరువేరుగా పరీక్ష చేయించుకొనవలెను.

నాలుగవది: ఎవరివలన, ఎప్పుడు సోకెనో చీటీ చెప్పదు. గర్భిణీ స్త్రీలకు ఆసుపత్రిలో పరీక్ష చేయుదురు గనుక అనేక కుటుంబములలో భార్య సంగతియే ముందు బయలుపడును. ముందు తెలిసినంతమాత్రమున ఆమెయే తెచ్చెననుట ఆజ్ఞ నిషేధించిన అబద్ధసాక్ష్యమే.

ఉన్నదని తేలినను నిరాశపడవద్దు. 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుచున్నది. వాటిని అనుదినము మానక వాడి, రక్తపరీక్షలో క్రిమి కనబడనంతగా తగ్గి అట్లే నిలిచినయెడల, దాంపత్యమువలన జతవారికి సోకదు. వైద్యుడు ఆ మాట చెప్పువరకు నిరోధ్ వాడవలెను. ఒకే కంచములో తినుటవలన గాని, ప్రభురాత్రి భోజనపు పాత్రలో త్రాగుటవలన గాని ఈ క్రిమి సోకదు.

సంఘపు పెద్దలారా, ఎవరి చీటీయు చూపుమని అడుగకుడి. 2017 సంవత్సరపు చట్టము వారి గుట్టును కాపాడుచున్నది. మనము దానికంటె ఎక్కువగా కాపాడవలెను. ప్రభువు కుష్ఠరోగిని స్వస్థపరచిన వేళ దూరమున నిలువక, చెయ్యి చాపి ముట్టెను (మార్కు 1:41). పరీక్షకు వెళ్లుటకు భయపడు దంపతులు మీ వీధిలో ఉన్నయెడల, వారితోకూడ ఆసుపత్రివరకు నడువుడి.

ప్రార్థన: ప్రభువా, మా నాలుకలకు ఓర్పును, భయపడుచున్న యిండ్లకు ధైర్యమును దయచేయుము. ఆమెన్.