వెబ్‌సైట్ ఇంగ్లీషులో తెరుచుకుందా? ముందు భాష మార్చుకోండి

ఎ.కొండూరు మండలంలోని పథకాల లబ్ధిదారులకు

పీఎం కిసాన్ కింద ఏడాదికి రూ.6,000, మూడు విడతల్లో రూ.2,000 చొప్పున రైతు ఖాతాలో పడుతుంది. ఈ-కేవైసీ చేయించుకోకపోతే విడత ఆగిపోతుంది. ఆ పని ఫోన్‌లోనే చేసుకోవచ్చు. కానీ పేజీ ఇంగ్లీషులో ఉంటే అర్థం కాకుండా బటన్లు నొక్కకండి.

భాష ఎక్కడ మార్చాలి?

1. పేజీ పైభాగం చూడండి. ఎక్కువగా కుడి మూలన భాష పేరు, పక్కన చిన్న బాణం గుర్తు ఉంటాయి. కొన్ని సైట్లలో భూగోళం బొమ్మ ఉంటుంది.
2. కనిపించకపోతే మూడు గీతల గుర్తు నొక్కి వెతకండి.
3. భాషల జాబితా వస్తుంది. అందులో ‘తెలుగు’ నొక్కండి. ఇంగ్లీషు చదవడం రానివాళ్లు కూడా గుర్తుపట్టాలని చాలా సైట్లలో ఆ పేరు తెలుగు అక్షరాల్లోనే పెడతారు.

ఆధార్ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషుతో కలిపి 13 భాషలున్నాయి. వాటిలో తెలుగు ఒకటి.

ఇవి గుర్తుంచుకోండి

• వివరాలు నింపకముందే భాష మార్చండి. మధ్యలో మారిస్తే పేజీ మళ్లీ తెరుచుకుని, టైపు చేసినవి పోవచ్చు.
• అన్నీ తెలుగులోకి రావు. మీ పేరు రికార్డులో ఇంగ్లీషులో ఉంటే అలాగే కనిపిస్తుంది. అది తప్పు కాదు.
• ఫోన్ బ్రౌజర్ చేసే అనువాదం వేరు. అది పేర్లను కూడా మార్చేయొచ్చు. సైట్‌లో తెలుగు ఉంటే అదే వాడండి.
• భాష మార్చడానికి ఓటీపీ గానీ డబ్బు గానీ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే మోసమే. సైట్ పేరు చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోండి.

‘అంగీకరిస్తున్నాను’ నొక్కే ముందు

మీ వివరాలు వాడుకోవడానికి అనుమతి అడిగేటప్పుడు, దాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. లంబాడీ లేదు. అందుకని తండాల్లోని పెద్దవాళ్లకు ఇంట్లో చదువుకున్న పిల్లలు పేజీని తెలుగులో పెట్టి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. పెద్దలూ, దేనికి ఒప్పుకుంటున్నారో విన్నాకే ఓటీపీ కొట్టించండి.

అయినా అర్థం కాకపోతే ఆధార్ కార్డు, ఆధార్‌కు లింకైన ఫోన్ తీసుకుని మీ సచివాలయానికి వెళ్లండి. ఆధార్ సందేహాలకు 1947కు ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.