పొరుగింటి కుక్కలు, ఉమ్మడి సందు

ఈ పర్యాయము పాఠముగా తీసికొన్న విషయమును చూచి కొందఱు నవ్వవచ్చును. షట్‌స్థలములను గూర్చియో, అష్టావరణములను గూర్చియో వ్రాయవలసిన చోట కుక్కల ప్రసంగమేల యని అడుగవచ్చును. మన పల్లెలలోను, పాత పేటలలోను ఇండ్లు ఎట్లున్నవో యెఱిగినవారు మాత్రము అట్లడుగరు. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో అన్నదమ్ములు పంచుకొన్న ఇంటిజాగాలో నాలుగైదు గడపలుండును. అన్నిటికిని వీధిలోనికి పోవుటకు ఆరడుగుల సందొక్కటే యుండును. ఆ సందు ఏ యొక్కరి సొత్తును గాదు. పూజకు పూలు తెచ్చువారును, పాలు పోయువారును, బడికి పోవు పిల్లలును, భిక్షకు వచ్చు జంగమయ్యయు అందుండియే నడువవలయును. అట్టి చోట ఒక యింటివారు కుక్కలను పెంచి విడిచిపెట్టినచో తగవు పుట్టక మానదు.

మా సందులో జరిగినదే చెప్పెదను. పొరుగింటి పెద్దమనిషి పేరుతో పాఠకులకు పనిలేదు. ఆయన రెండు కుక్కపిల్లలను తెచ్చెను. మొదట పిల్లలందఱును వానితో ఆడుకొనిరి. ఏడాది తిరుగునప్పటికి సాయంకాలము నా యొద్దకు చదువుకొన వచ్చు పిల్లలు సందు మొగదలనే నిలిచి, “సారూ, కుక్కలున్నయి, జర బయటికి రాండ్రి” అని కేకవేయసాగిరి. ప్రతి సోమవారమును తప్పక వచ్చు వృద్ధ జంగమయ్య రెండు వారములు రాలేదు. జంగమునకు పెట్టక తాను తినుట మా యింటావిడకు అలవాటు లేదు. మూడవ వారము నేనే పోయి అడుగగా, ఆయన ఒక్కమాటయు పలుకక మోకాలి దగ్గఱ చినిగిన పంచెను చూపెను.

నాకు కోపము వచ్చినది, దాచుకొననేల? వెదురుకఱ్ఱ యొకటి సంపాదించి, సందులో నడచునపుడెల్ల దానిని ఆడించుచు పోవుచుంటిని. నాలుగు దినములలో ఆ కుక్కలకు నేనే మొదటి పగవాడనైతిని. నా చెప్పుల చప్పుడు వినినంతనే లేచి మీదికి వచ్చుచుండెను. పొరుగాయనకును నాకును మాటలు నిలిచిపోయెను.

బసవేశ్వరుడు ఒక వచనమున కోపమును ఇంటిలో పుట్టిన నిప్పుతో పోల్చి, అది పొరుగువానికంటె ముందు రగిల్చుకొన్నవాని కొంపకే చేటని బోధించెను. ఈ వచనమును బసవజయంతి సభలలో ఎన్నిమారులు వివరించితినో లెక్కలేదు. కఱ్ఱ చేతిలో నున్నన్నాళ్లు అది నాకు స్ఫురింపనేలేదు. సప్తశీలములలో చంపకుండుటతోపాటు కోపింపకుండుటకును, పరులను అసహ్యించుకొనకుండుటకును చోటు కల్పించుట ఊరక కాదు.

కోపము ఎంతదూరము పోగలదో మన జిల్లాయే చూచినది. 2024 ఫిబ్రవరి నెలలో మహబూబ్‌నగరు జిల్లా అడ్డాకల మండలము పొన్నకల్ గ్రామమున 20 వీధికుక్కలు తుపాకీతో కాల్చి చంపబడెను. మఱుసటి నెలలో పోలీసులు కొందఱిని పట్టుకొని, వారిలో నొకరి పెంపుడుకుక్కను వీధికుక్కలు చంపుటయే ఈ పగకు కారణమని తెలిపిరి. కుక్కపై ప్రేమ గలవాడే అన్ని కుక్కల ప్రాణములకు ముప్పు తెచ్చెనన్నమాట. నా వెదురుకఱ్ఱకును ఆ తుపాకికిని నడుమ దూరమున్నది గాని దారి యొక్కటే యని ఆ వార్త చదివిననాడు తోచినది.

కుక్క అపవిత్రము, లింగధారుల వాకిట దానికి తావులేదు అనువారు కొందఱు మనలోను గలరు. హావినహాళ కల్లయ్యగారు కుక్కచేతనే వేదము పలికించినట్లు శరణుల కథలలో నున్నది. ఆ కథ వినినవారు ఇట్టి మాట ఆడుట నాకు వింతగా నుండును. తప్పు జంతువుది గాదు, పెంచు పద్ధతిది.

ఒక ఆదివారము కఱ్ఱను ఇంట విడిచి ఆయన గడపకు పోయితిని. “సారూ, పోయినేడు నా మేకలు రెండు రాత్రికి రాత్రే పోయినయి. అప్పుడు ఒక్కరన్న లేసిండ్రా?” అని ఆయన అడిగెను. నా యొద్ద సమాధానము లేదు. నిజముగా ఎవ్వరమును లేవలేదు. పిమ్మట నేను జంగమయ్య పంచె సంగతి చెప్పితిని. ఆయన ముఖము చిన్నబోయెను. ఆ సంగతి ఆయనకు తెలియనే తెలియదు! సందులోని వారందఱును నాతో చెప్పిరి, ఒకరితో నొకరు చెప్పుకొనిరి. ఆయనతో చెప్పినవాడు లేడు. తన యెదుట గొఱ్ఱెపిల్లలవలె నుండు కుక్కలు తాను లేనపుడు ఎట్లుండునో యజమాని యెన్నడును చూడడు. తగవులో సగము ఇక్కడనే యున్నది.

మిగిలిన సగమును పశువైద్యుడు విడదీసెను. కుక్క తాను తినుచోటిని, పండుచోటిని తనదిగా నెంచి కాచును. పొరుగాయన రాత్రి మిగిలిన అన్నమును సందు మొగదల పోయుచుండెను. అందుచేత ఆ కుక్కల లెక్కలో సందంతయు వానిదే, మనమే చొరబడువారము. కూడు పెట్టుచోటు పెరటిలోనికి మార్చవలయును. పగలు కట్టి, రాత్రి పెరటిలోనే విడువవలయును. అట్లని దినమంతయు గొలుసున నుంచినను కుక్క మఱింత క్రూరమగును. ఉదయము, సాయంకాలము పట్టుకొని త్రిప్పుట అవసరము. నిత్యము కట్టియుంచి త్రిప్పకుండుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము గూడ. ఆడకుక్కయైనచో పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుట మేలు. సందులో ఈనిన కుక్క ఎవ్వరిని దరిజేరనీయదు.

మాటతో తీరనిచో పంచాయతీకో, మునిసిపాలిటీకో వ్రాతపూర్వకముగా అర్జీ పెట్టుకొనవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, తన జంతువు వలన మనుషులకు అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివానికి ఆరు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అన్నములో విషము కలిపి పెట్టువారు 325వ సెక్షనును గూడ తెలిసికొనవలయును; దానికి ఐదేండ్ల వరకు శిక్ష యున్నది. నా మట్టుకు పోలీసు ఠాణాకంటె ముందు మఠమునకు పోవుటయే యిష్టము. స్వాములవారి యెదుట ఇరువురు కూర్చుండి మాటాడినచో గొంతు దానంతట అదే తగ్గును.

కాటు పడినచో మాత్రము తగవును ప్రక్కకు నెట్టి గాయమును చూడవలయును. పారు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగవలయును. సున్నము, పసుపు, కారము పెట్టరాదు. పసరువైద్యుల కొఱకు తిరిగి కాలము వృథా చేయరాదు. విభూతి నుదుట ధరించుటకే గాని కాటుపై అద్దుటకు గాదు. ఆనాడే సర్కారు దవాఖానకు పోయి టీకా తీసికొని, చెప్పిన తేదీలన్నింటికి తప్పక పోవలయును. గాయము లోతైనచో టీకాతోపాటు ఇచ్చు మఱియొక మందును గూడ డాక్టరు చెప్పును. లక్షణములు బయటపడిన పిదప ఈ వ్యాధినుండి బ్రతుకుట బహు అరుదు. లూయీ పాశ్చరు ఒక బాలునికి మొదటిసారి ఈ టీకా వేసినది 1885 జూలై 6న. దాని జ్ఞాపకముగా ఏటేట జూలై 6న మన పశువైద్యశాలలలో పెంపుడుకుక్కలకు ఉచితముగా టీకాలు వేయుదురు. పొరుగువానికి ఆ తేదీని గుర్తుచేయుట నిష్ఠూరము గాదు.

మా పొరుగాయన రెండింటికిని టీకాలు వేయించెను. పెరటికి తడికె కట్టెను. తడికెకు కావలసిన కంపను మేమిరువురము కలిసియే తెచ్చితిమి. మేకల కొట్టమువైపు దీపమొకటి పెట్టుటకైన ఖర్చును నాలుగిండ్లవారము పంచుకొంటిమి. చిన్నకుక్క యింకను అప్పుడప్పుడు తడికె సందునుండి దూరి బయటికి వచ్చుచున్నది. అట్టి దినమున ఆయన కోడలు ముందుగానే కేకవేసి చెప్పును. జంగమయ్య సోమవారము వచ్చుచున్నాడు. సందు మొగదల నిలిచి ఒక్కమారు గంట మ్రోగించి, పెరటిలోని మొఱుగుడు ఎటునుండి వచ్చుచున్నదో విని, పిమ్మట అడుగు వేయుచున్నాడు.