సెన్సర్ మార్చే ముందు వైరు చూడు

నేను పని నేర్చుకున్నది కార్బరేటర్ల రోజుల్లో, విజయవాడ ఆటోనగర్‌లో. అప్పట్లో పొగ రంగును బట్టి, ఇంజిన్ చప్పుడును బట్టి జబ్బు చెప్పేవాళ్లం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక బైకుల సైలెన్సర్ పైపుకు కూడా ఆక్సిజన్ సెన్సర్ చేరింది. ఇప్పటి కుర్రాళ్ల చేతికి ముందుగా వచ్చేది స్కానరే. మంచిదే. ఆ స్కానర్ చెప్పని సంగతులు కొన్ని చెబుతాను.

1. స్కానర్ కోడ్ చెప్పేది సర్క్యూట్ పేరు, చెడిన భాగం పేరు కాదు.
పీ0135 అంటే మొదటి ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. అందులో ఫ్యూజు, వైరు, కనెక్టర్, హీటర్, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) అన్నీ ఉన్నాయి. ఒక ట్యాక్సీకి ఆ కోడ్ చూడగానే కొత్త సెన్సర్ వేయించాను. లైటు మళ్లీ వెలిగింది. తీరా చూస్తే పోయింది ఫ్యూజు. సెన్సర్ డబ్బు ఆ డ్రైవరు వడ్డీకి తెచ్చాడని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఫ్యూజు చూడకుండా స్పానర్ పట్టలేదు.

2. చల్లటి సెన్సర్ నోరు విప్పదు.
జిర్కోనియా సెన్సర్ సుమారు 300 డిగ్రీలు దాటితే గాని సరిగా పనిచేయదు. ఆ వేడి త్వరగా అందించడానికే లోపల హీటర్ పెట్టారు. అది పోతే, సెన్సర్ వేడెక్కేదాకా ఈసీయూ ముందే రాసిపెట్టిన లెక్కతో పెట్రోలు పోస్తుంది. బండి ఆగదు కాబట్టి ఓనరు పట్టించుకోడు. మైలేజీ పడిపోవచ్చు, పొగలో విషం పెరుగుతుంది. పెట్రోలు ఎక్కువై చాలాకాలం నడిస్తే సైలెన్సర్ పైపులోని క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది. దాని ఖరీదు ముందు సెన్సర్ ఖరీదు ఏపాటిది?

3. మీటరు 12 వోల్టులు చూపినంత మాత్రాన వైరు బాగున్నట్టు కాదు.
లోపల ఒక్క పోగు మిగిలినా మీటరు మీద 12 కనబడుతుంది. హీటర్ లాగే కరెంటును మాత్రం ఆ పోగు మోయలేదు. అందుకే కనెక్టర్ ఊడదీసి, సప్లై పిన్నుకూ బాడీ ఎర్త్‌కూ మధ్య 21 వాట్ల బల్బు పెట్టి చూడు. నిండుగా వెలగాలి. మిణుకుమంటే ఎక్కడో చిలుము పట్టిందనో, ఎలుక కొరికిందనో అర్థం. సిగ్నల్ వైరు జోలికి మాత్రం బల్బుతో పోకు.

4. రంగు చూసి వైరు పట్టకు.
సాధారణంగా బాష్ నాలుగు వైర్ల సెన్సర్‌లో రెండు తెల్లవి హీటర్‌వి, నల్లది సిగ్నల్. డెన్సోలో అయితే రెండు నల్లవే హీటర్‌వి. కంపెనీకో పద్ధతి. వైరింగ్ డయాగ్రం చూడటం నామోషీ అనుకునే తరం మాది. ఆ పౌరుషానికి బలైనవి కస్టమర్ల బండ్లు.

5. సెన్సర్ వైరుకు టంకం పెట్టకు.
చాలా సెన్సర్లు పోల్చి చూసుకోవడానికి కావలసిన బయటి గాలిని తమ వైర్ల సందుల్లోంచే పీల్చుకుంటాయి. టంకం ఆ దారి మూసేస్తుంది. క్రింపు అతుకే వేయాలి. కనెక్టర్‌లో గ్రీజు పూయడం కూడా తప్పే. వైరును మెలిపెట్టి నల్ల టేపు చుట్టడమే రిపేరని మాకు నేర్పారు. సైలెన్సర్ వేడికి ఆ టేపు జిగురు కారి ఊడివచ్చేది. వేడికి తట్టుకునే స్లీవు వేసి, పైపుకు దూరంగా క్లిప్పు పెట్టడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

6. కోడ్ చెరిపితే లైటు ఆరుతుంది, జబ్బు తగ్గదు.
ఇలాంటి లోపాన్ని చాలా బండ్లు వరుసగా రెండు ప్రయాణాల్లో చూశాకే లైటు వెలిగిస్తాయి. కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వు. మళ్లీ స్టార్ట్ చేసి రోడ్డు మీద తిప్పు. పెండింగ్ కోడ్ లేదని, ముందు సెన్సర్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య ఊగుతోందని చూశాకే తాళాలు ఇవ్వు. బండి అమ్ముకోవాలి, లైటు మాత్రం ఆర్పమని అడిగేవాళ్లు వస్తారు. ఒకసారి నేను కాదనలేకపోయాను. వారం తిరక్కముందే ఆ బండి కొన్నతను నా షెడ్డుకే వచ్చి, "అన్నా, ఈ లైటు ఎందుకొస్తోంది?" అన్నాడు. డబ్బు తీసుకోకుండా బాగుచేశాను కానీ, నిజం చెప్పలేదు. నీ దగ్గరికి అలాంటి బేరం వస్తే వదులుకో.