అడవిప్రజల ఆరోగ్యమును పరిశోధింపగోరు విద్యార్థులకు

మన పాతబస్తీ బాలురలో వైద్యుడ నగుదునని చెప్పువారు పెక్కురు గలరు. పరిశోధకుడ నగుదునని చెప్పువారు అరుదు. ఆదివాసుల ఆరోగ్యమును గూర్చి పరిశోధింతునని చెప్పినవానిని నేను ఇరువది యేండ్ల బోధనలో ఒక్కని మాత్రమే చూచితిని. అతడడిగిన మొదటి ప్రశ్న, “అయ్యా, గోండి భాష ఎచ్చట నేర్పుదురు?” అనునది. ప్రశ్న సరియైనదే. ఏలయో చూతము.

1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ దొర సికింద్రాబాదు బేగంపేటలో దోమ కడుపునందు మలేరియా క్రిమిని కనుగొనిన కథ మీరెఱిగినదే. ఆ కథకు అడవిలో మఱియొక అధ్యాయము గలదు. మలేరియా తరతరములుగా ప్రబలిన కొన్ని ప్రాంతముల జనుల రక్తమునందు ఒక మార్పు నిలిచిపోయినది. అది తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే సంక్రమించినచో బిడ్డకు తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ కలుగును. ఇరువురి నుండియు సంక్రమించినచో ఎఱ్ఱకణములు గుండ్రదనము వీడి కొడవలివలె వంగి సన్నని రక్తనాళములను అడ్డగించును. దుర్భరమైన నొప్పులు, రక్తహీనత కలుగును. ఇదియే సికిల్‌సెల్ వ్యాధి. వాహకులైన ఇరువురు వివాహమాడినచో ప్రతి కాన్పునందును బిడ్డకు ఈ వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకపాలు. నల్లబల్లమీద నాలుగు గడులు గీచి చూడుడు, తెలియును.

మనదేశమున దీనిని 1952లో నీలగిరులయందలి ఆదివాసులలో మొదట గుర్తించిరి. ఆదిలాబాదు గోండులలోను, భద్రాచలప్రాంతపు కోయలలోను ఇది కలదు. 2047 నాటికి దీనిని నిర్మూలింపవలెనని భారతప్రభుత్వము 2023లో ఒక కార్యక్రమము నారంభించినది. రక్తపరీక్ష సులభమే. కాని పెండ్లికెదిగిన పిల్లకు “నీవు వాహకురాలవు” అని చెప్పుట యెట్లు? ఆ మాట ఏ భాషలో, ఎవరియెదుట చెప్పవలెను? ఇది యంత్రము తీర్చు సమస్య కాదు.

1940లో జోడేఘాటునందు కుమ్రం భీము మరణించిన పిమ్మట నిజాము ప్రభుత్వము కోరగా హైమెన్‌డార్ఫ్ పండితుడు గోండులను అధ్యయనము చేసెను. ఆయన వైద్యుడు కాడు, మానవశాస్త్రజ్ఞుడు. మార్లవాయి గ్రామమున గుడిసెలో నివసించి గోండి నేర్చెను. 1943లో అచ్చటనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణశాల ఏర్పడెను. మొదట ఉండుట, పిదప అడుగుట ఆయన పద్ధతి.

ఈ పద్ధతి తప్పిన యెడల ఏమగునో ఖమ్మముజిల్లాలో చూచితిమి. 2009లో అచ్చట గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ప్రయోగపూర్వకముగా వేసిరి. వారిలో పెక్కురు ఆశ్రమపాఠశాలల ఆదివాసి బాలికలు. కొందఱు మరణింపగా 2010 ఏప్రిలులో ఆ పని నిలిపివేయబడెను. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా నేడు పెక్కు దేశములలో మేలు చేయుచున్నది. దోషము వేఱొకచోట బయల్పడెను. పరిశీలించిన 9,543 సమ్మతిపత్రములలో 2,763 వసతిగృహపు వార్డెనులు సంతకము చేసినవి, 1,948 వేలిముద్రలు. 2013లో పార్లమెంటు సంఘము దీనిని తీవ్రముగా ఖండించినది. నేనును ఉపాధ్యాయుడనే. పైనుండి ఉత్తరువు వచ్చినపుడు తల్లిదండ్రులకు బదులు సంతకము చేయుట మాకెంత తేలికయో నాకు తెలియును. ఆ సంఖ్యను చదివినపుడు నా కలమువంక చూచుకొంటిని.

ఇక మార్గము. వైద్యవిద్య ముగించి సామాజికవైద్యమున ఉన్నతపట్టము పొందుట ఒక దారి. పోషణశాస్త్రమునకు మన నగరమునందే జాతీయ పోషకాహార సంస్థ గలదు; 1918లో కూనూరున మెకారిసన్ దొర ప్రారంభించిన చిన్న పరిశోధనాలయమే 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. మానవశాస్త్రమునకు హైదరాబాదు విశ్వవిద్యాలయము గలదు. మాసబ్‌ట్యాంకునందలి గిరిజన సంస్కృతి పరిశోధన శిక్షణ సంస్థను ఏదైన ఒక సెలవుదినమున దర్శింపవచ్చును. అందఱికంటె ముందున్నవాడు గోండి, కోయ తల్లిభాషగా గల విద్యార్థి. అట్టివాడు మీ తరగతిలో నున్నచో అతని నెవరును వెనుకబడినవాడని పిలువకుడు.

అభ్యాసము: రక్తపరీక్షకు సమ్మతి కోరుచు పది పంక్తుల పత్రము వ్రాయుడు. ఎందులకు రక్తము తీయుదురో, ఫలితము ఎవరికి తెలుపుదురో, వలదనిన ఏమగునో అందుండవలెను. పిదప దానిని చదువురాని మీ యవ్వకు చదివి వినిపింపుడు. ఆమె అడిగిన ప్రశ్నలను పత్రము వెనుక వ్రాసికొని రండు.