అద్దె ఇంట్లో బీరువా, ఆడుకునే పసిబిడ్డ

బిడ్డ పాకడం మొదలుపెట్టగానే తల్లులు కత్తిపీట ఎత్తున పెడతారు. నీళ్ళ తొట్టిమీద మూత వేస్తారు. మందు సీసాలు అందకుండా దాస్తారు. కాని గదిలో అన్నిటికంటె బరువైన వస్తువును ఎవరూ అనుమానించరు. అది బీరువా. దాని తరువాత టీవీ, పుస్తకాల అర, సొరుగుల బల్ల. ఇవి ఎందుకు పడతాయో, అద్దె ఇంట్లో వీటిని ఎలా బిగించుకోవాలో, పడితే ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎందుకు పడతాయి?

తలుపులు మూసి ఉన్నప్పుడు బీరువా బరువు దాని నాలుగు కాళ్ళ మధ్య ఉంటుంది. రెండు తలుపులూ బార్లా తెరిస్తే ఆ బరువు ముందుకు జరుగుతుంది. సొరుగులు లాగితే మరికొంత జరుగుతుంది. అప్పుడు రెండు మూడేళ్ళ బిడ్డ ఆ సొరుగులను మెట్లనుకొని ఎక్కితే, ఆ కొద్దిపాటి బరువుకే వస్తువంతా ముందుకు ఒరగవచ్చు. ఇందుకు ఒక్క క్షణం చాలు. పక్క గదిలో ఉన్న అమ్మమ్మ వచ్చే వ్యవధి కూడా ఉండదు.

మన కోనసీమలో ఇంకొక సంగతి ఉంది. ఇక్కడి తేమకు, ఉప్పుగాలికి ఇనుప బీరువా కాళ్ళు తుప్పు పడతాయి. వరద నీరు చేరిన ఇళ్ళలో గచ్చు అక్కడక్కడ కుంగుతుంది. వెనుక కాళ్ళు ఎత్తుగా, ముందు కాళ్ళు పల్లంగా ఉంటే బీరువా సగం పడినట్టే. టీవీ విషయంలో దాని కింద పరచిన గుడ్డ ప్రమాదకరం. బిడ్డ గుడ్డను లాగితే టీవీ మీదకు వస్తుంది.

గోడకు రెండు చిల్లులు

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో 2015లో రెండేళ్ళు నిండని ఒక బాబు సొరుగుల పెట్టె మీద పడి చనిపోయాడు. అది అద్దె ఇల్లు. పెట్టెను గోడకు బిగించుకుంటామని తల్లి అంతకుముందే అడిగినా అనుమతి దొరకలేదు. ఆ తరువాత 2019లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. బిడ్డల భద్రత కోసం సామాను గోడకు బిగించుకుంటామని అద్దెదారు అడిగితే, కొన్ని ప్రత్యేక కారణాలకు తప్ప యజమాని కాదనకూడదు. ఖాళీ చేసేటప్పుడు గోడను సరిచేసి ఇవ్వడం అద్దెదారు బాధ్యత.

మన ఊళ్ళలో ఇది మాటతో జరగవలసిన పని. అడ్వాన్సు ఇచ్చే రోజునే అడగండి. "ఇంట్లో చిన్నబిడ్డ ఉందండి. బీరువా బిగించుకోవడానికి గోడకు రెండు చిల్లులు వేసుకుంటాం. ఖాళీ చేసేటప్పుడు పూడ్చి, రంగు వేయించి ఇస్తాం" అని చెప్పండి. ఇంటి యజమానులైన పాఠకులకు మా మనవి ఒక్కటే. గోడకు పడిన చిల్లు గుప్పెడు సిమెంటుతో పూడుతుంది. అద్దెకున్నవారు అడగకముందే మీరే ఆ మాట చెప్పండి.

బిగించే పద్ధతి

1. ముందుగా బీరువా నాలుగు కాళ్ళూ నేలకు ఆనేలా సరిచేయండి. తుప్పు తిన్న కాళ్ళను వెల్డింగు చేయించండి.
2. బీరువా పైఅంచుకు రెండు చివరలా ఎల్ ఆకారపు ఇనుప క్లాంపులు పెట్టించండి. రేకు పలుచన కాబట్టి స్క్రూ ఒక్కటే చాలదు. బోల్టు, వాషరు, నట్టు వేయించాలి.
3. గోడ చిల్లు సున్నపు పూతలో ఆగిపోకూడదు. ఇటుకలోకి దిగాలి. అందులో ప్లాస్టిక్ ముక్క దిగగొట్టి స్క్రూ బిగించాలి. చెమ్మకు గుల్లబారిన చోట పట్టు ఉండదు.
4. స్విచ్చిబోర్డుకు సరిగా పైనా కిందా చిల్లు వేయకండి. లోపల కరెంటు తీగలు ఉండవచ్చు.
5. చివరగా పైఅంచు పట్టుకొని మెల్లగా ముందుకు లాగి చూడండి. కదలకూడదు.

ఇల్లు మారినప్పుడు ఈ పని మళ్ళీ చేయాలి. పండుగకు ముందు గోడలకు రంగు వేసేటప్పుడు బిగింపు విప్పితే, తిరిగి పెట్టడం మరువకండి.

చిల్లు వేయడం కుదరకపోతే?

మట్టి గోడల పెంకుటింట్లో స్క్రూ నిలవదు. యజమాని ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు బీరువాను గది మూలకు చేర్చి, గట్టి నైలాను పట్టీతో కిటికీ ఊచలకు గాని, స్తంభానికి గాని కట్టండి. బరువైన సామాను కింది అరలలో పెట్టండి. పైన పెట్టెలు, బొమ్మలు, బిస్కట్ డబ్బాలు ఉంచకండి. బిడ్డ ఎక్కేది వాటికోసమే. తలుపులకు ఎప్పుడూ తాళం వేసి ఉంచండి. టీవీని గుడ్డ లేని పొట్టి, వెడల్పాటి బల్లమీద వెనక్కు జరిపి పెట్టండి. ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గిస్తాయి, అంతే. గోడకు బిగించడంతో సమానం కావు.

పడితే ఏమి చేయాలి?

ఒక్కరే ఉంటే కేక వేసి పొరుగువారిని పిలవండి. వస్తువును నిటారుగా పైకి ఎత్తండి. బిడ్డను కిందనుండి ఈడ్చకండి. మెడ కదలకుండా చూసి 108కి ఫోను చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కాఫీ పొడి, పసుపు అద్దవద్దు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు. వాంతి అవుతుంటే తల, మెడ, ఒళ్ళు ఒకేసారి పక్కకు తిప్పండి.

పైకి దెబ్బ కనిపించకపోయినా డాక్టరుకు చూపించాలి. తరువాతి రెండు రోజులలో మాటిమాటికీ వాంతులు, మగత, ఫిట్స్, చెవి లేక ముక్కునుండి నీరు గాని రక్తం గాని కారడం, ఆయాసం, కడుపు ఉబ్బడం కనిపిస్తే రాత్రి అయినా ఆగకుండా తీసుకురండి. "ఏడ్చి పడుకున్నాడులే, తెల్లారి చూద్దాం" అనుకోవద్దు.

కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో బిడ్డ ఎత్తుకంటె పొడవైన వస్తువులు ఎన్ని? వాటిలో గోడకు బిగించినవి ఎన్ని?
2. అమ్మ గల్ఫ్‌లోనో, పనిలోనో ఉన్నప్పుడు బిడ్డను చూసే పెద్దవారికి ఈ సంగతి తెలుసా?
3. ఇంటి యజమానితో ఎవరు మాట్లాడతారు? ఏ రోజు?

మూడవ ప్రశ్నకు జవాబు ఈ వారంలోనే చెప్పుకోండి.