గీత ఒక్కటేనా?

పండగ వచ్చిందంటే మన క్వార్టర్స్‌లో ఎవరిది ఏ రాష్ట్రమో గడప చూసి చెప్పవచ్చు. మనది ముగ్గు, తమిళులది కోలం, బెంగాలీలది అల్పన, రాజస్థాన్ వాళ్ళది మాండనా. వీటిలో మెలికల ముగ్గును తీసుకుందాం. ఇందులో గీత చుక్కలను కలపదు, వాటి చుట్టూ మెలికలు తిరుగుతుంది.

అమ్మమ్మ ఇలాంటి ముగ్గును ఒక్క గీతతో ముగిస్తుంది. మనం వేస్తే గీత తొందరగా మొదటికే వచ్చేస్తుంది, కొన్ని సందులు మిగిలిపోతాయి. మన చేతికి ముగ్గు రాదనుకుంటాం. చాలాసార్లు తప్పు చేతిది కాదు, చుక్కల లెక్కది.

మేము గళ్ళ నోటుబుక్కులో వేసి చూశాం. గీత చుక్కల మధ్యగా ఏటవాలుగా సాగాలి, అంచుకు రాగానే చివరి చుక్కను చుట్టి వెనక్కి మళ్ళాలి. 2 వరుసల్లో 3 చుక్కలకు ఒకే గీత చాలింది. 2 వరుసల్లో 4 చుక్కలకు రెండు గీతలు కావలసి వచ్చాయి. 3 వరుసల్లో 3 చుక్కలకు మూడు, 4 వరుసల్లో 6 చుక్కలకు మళ్ళీ రెండు. ఆ రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని! ఆరో తరగతిలో విసుక్కుంటూ చేసిన గ.సా.భా. లెక్క ఇదే.

ఎందుకిలా? క్యారమ్ బోర్డు అంచుకు తగిలిన కాయను చూడండి, అద్దం మీద పడిన కాంతిని చూడండి. ఎంత కోణంలో వస్తే అంత కోణంలోనే తిరిగి వెళ్తాయి. ముగ్గు గీతదీ అదే నడక. అడ్డంగా పోయి రావడానికి కొన్ని అడుగులు, నిలువుగా పోయి రావడానికి కొన్ని అడుగులు. రెండు ప్రయాణాలూ ఒకేసారి పూర్తయినప్పుడు గీత బయలుదేరిన చోటికి చేరుతుంది. 1 తప్ప సామాన్య భాజకం లేకపోతే, ఆలోపు అన్ని సందులూ తిరిగి వస్తుంది. ఉంటే ముందే చేరిపోతుంది.

ఈ గీతల్లో వ్యాకరణం కూడా ఉంది. మద్రాస్ క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి 1974లో సహచరులతో కలిసి కోలాలను కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణ సూత్రాలుగా రాశారు. కొద్దిపాటి సూత్రాలను మళ్ళీ మళ్ళీ వాడితే ఎంత పెద్ద కోలమైనా వస్తుంది.

మరి 5 వరుసల్లో 5 చుక్కలు పెట్టి కూడా అమ్మమ్మ ఒకే గీతతో ఎలా ముగిస్తుంది? ఆమె అక్కడక్కడా కిటుకు చేస్తుంది. రెండు వేర్వేరు గీతలు దాటుకునే చోట వాటిని దాటనివ్వకుండా చెరో పక్కకు మళ్ళిస్తుంది. అంతే, రెండూ కలిసి ఒకటవుతాయి. 3 వరుసల్లో 3 చుక్కలకైతే ఇలా రెండు చోట్ల చేస్తే చాలు. ఆ రెండు చోట్లు ఏవో పెన్సిలు పట్టుకుని మీరే వెతకండి.